అన్నయ్య దాహం

హోటల్ లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసే అన్నయ్య సెలవు దొరికితే చాలు, చెల్లెలింటికి వచ్చేవాడు. పలకరింపులకన్నా ముందు నీళ్ల సీసా ఎత్తి గటగటా తాగేసేవాడు.

"మీ అన్నయ్య రాత్రంతా నీళ్లకీ, ఒంటేలుకీ లేస్తూనే ఉంటున్నారు. కుండ ఇట్టే ఖాళీ అవుతోంది. నీకు తెలిసిన డాక్టరెవరికైనా చూపించకూడదూ?" అంది వదిన ఒకసారి.

"ఆవిరిలో నిలబడేవాడికి దాహం కాక చలేస్తుందా?" అన్నాడు అన్నయ్య.

"మీ ఇంటి కుండ మంచిదే వదినా, చిల్లు మా అన్నయ్యకే ఉంది," అంది చెల్లెలు. అన్నయ్య పడీ పడీ నవ్వాడు.

ఆ చెల్లెలు చేసే ఉద్యోగం షుగరు జబ్బు మీద పరిశోధన.

మరుసటి ఏడు ఇస్త్రీపెట్టె జారి అన్నయ్య కాలి వేలు కాలింది. కాలినట్టే తెలియలేదన్నాడు. పుండు మానలేదు. చివరికి వేలు తీసేశారు. షుగరు ఏళ్ల తరబడి ఉండి ఉంటుందన్నాడు డాక్టరు.

ఆసుపత్రి మంచం మీద అన్నయ్య అడిగాడు. "చిట్టీ, నువ్వు చూసేది ఈ జబ్బేగా? అసలు లోపల ఏమవుతుంది?"

"ఇన్సులిన్ చేసే కణాలుంటాయన్నయ్యా. ఒంట్లో అది సరిగ్గా పనిచేయకపోతే ఇంకా చెయ్యమని వాటి మీద ఒత్తిడి పడుతుంది. హడావిడిలో సరుకు వంకరటింకరగా వస్తుంది. అది గమనించి కణం కొత్త పని తగ్గించుకుని, పాడైంది బాగుచేసుకుంటుంది."

"మా మేనేజరుకి ఆపాటి తెలివి లేదే!"

"భారం ఎన్నాళ్లకీ తగ్గకపోతే మాత్రం కొన్ని చచ్చిపోతాయి."

"ముందే తగ్గిస్తే?"

"కొన్ని తేరుకుంటాయి. మొదట్లోనే పట్టుకుంటే."

"మొదట్లో అంటే?"

సభల్లో గంటల తరబడి మాట్లాడే చెల్లెలు వదిన వైపు చూసింది. పక్కనే ఉన్న వదిన తల తిప్పుకుంది.

"వదిన చెప్పినప్పుడు," అంది చెల్లెలు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ఊరుకో. కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయని నేను మాత్రం చెప్పానా? పనిలోంచి తీసేస్తారని నోరు మూసుకున్నాను," అన్నాడు అన్నయ్య.

ఆ మాట ఆమెకు ఊరటనివ్వలేదు. అతను దాచాడు సరే, కళ్లెదుట కనిపించింది తను చూడలేదు కదా.

అన్నయ్య ఇప్పుడు కూర్చుని తువ్వాళ్లు మడతపెట్టే పనికి మారాడు. ఇన్సులిన్ తీసుకుంటున్నాడు, షుగరు అదుపులోనే ఉంది. వదిన ఆమెను ఏమీ అనదు, టీ ఇచ్చి లోపలికి వెళ్లిపోతుంది. నాలుగు మాటలని తిట్టినా బాగుండునని అనిపిస్తుంది ఆమెకు. అయినా వారం వారం అన్నయ్య ఇంటికి వెళ్తూనే ఉంది.