ముల్లు గెంతని ఇల్లు

సొంత ఇంట్లో, సొంత హాల్లో, సొంత కాళ్ళతో నడవడానికి వీల్లేని బతుకు ఇంకెవరికైనా ఉందో లేదో తెలీదు. నాకైతే ఉంది.

మాది మూడో అంతస్తు. హాల్లో చెక్కనేల. కొన్నప్పుడు బిల్డరు దాన్నో విశేషంగా చెప్పాడు. విశేషమే. బాత్రూమ్ దగ్గర అడుగేస్తే కిటికీ దగ్గరున్న పూలకుండీ తలూపుతుంది. ఇన్నాళ్ళూ దాంతో మాకు ఏ పేచీ లేదు. మావగారు మాతో ఉండడానికి వచ్చాక మొదలైంది. ఆయనతో కాదు, ఆయన వెంట తెచ్చుకున్న టర్న్‌టేబుల్‌తో.

మావగారు రేడియో స్టేషన్లో రికార్డులు వేసే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. వీడ్కోలు సభలో గోడగడియారం ఇస్తామంటే, టైమెంతయిందో తనకు తెలుసనీ, మూలపడేస్తున్న ఆ టర్న్‌టేబుల్ ఇప్పిస్తే చాలనీ అడిగి తెచ్చుకున్నారు. మా ఇంట్లో అది టీవీ ఉన్నచోట కూర్చుంది. టీవీ పడగ్గదిలోకి వెళ్ళింది, పడగ్గదిలోని ఇస్త్రీ బల్ల వంటింట్లోకి వెళ్ళింది, వంటింట్లో పేపరు చదువుకునే నేను బాల్కనీలోకి వెళ్ళాను.

ఎవరైనా మామూలుగా నడిస్తే నేల ఊగుతుంది. నేల ఊగితే రికార్డు మీది ముల్లు గెంతుతుంది. పల్లవిలో ఉన్న మనిషి చరణంలో తేలతాడు. మావగారు ఏమీ అనరు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటారు, అంతే. దానికన్నా రెండు తిట్టినా నయం. అందుకని ఇంటిల్లిపాదీ ఉట్టి మీది పాలకు బయల్దేరిన పిల్లుల్లా నడుస్తున్నాం. మా అమ్మాయి అయితే ఒకదాని మీద ఒకటి రెండు జతల సాక్సులు తొడుక్కుంటుంది.

మొదట్లో నాకు ఒళ్ళు మండిన మాట నిజం. పాట కావాలంటే నా దగ్గర నోటితో అడిగితే పాడే స్పీకరు డబ్బా ఉంది. పాట పెట్టమంటే ముందు నెట్ లేదంటుంది. ఉంటే పాస్‌వర్డ్ అడుగుతుంది. అదీ ఇస్తే, అప్‌డేట్ అవుతున్నాను, కాసేపాగమంటుంది. దీనికన్నా మా మేనేజరు చేత సెలవు చీటీ మీద సంతకం పెట్టించడం సులువు.

ఓ ఆదివారం మావగారు స్నానానికి వెళ్తూ, రికార్డు తిప్పి పెట్టమని నాకు పురమాయించారు. నా కొంప అక్కడ మునిగింది.

మీట నొక్కాను. ఎత్తబోతే నడుం పట్టేసేంత బరువున్న ఆ పళ్ళెం, ఒక్క చుట్టు పూర్తవకుండానే వేగం అందుకుంది. చప్పుడు లేదు, ఆయాసం లేదు. దాని అంచున వరసగా చుక్కలున్నాయి, పక్కన చిన్న ఎర్రదీపం ఉంది. వేగం సరిగ్గా ఉంటే ఆ దీపం వెలుగులో చుక్కలు కదలకుండా నిలబడ్డట్టు కనిపిస్తాయి. వేగం మార్చి చూశాను, చుక్కలు నడిచాయి. సరిచేశాను, నిలబడ్డాయి. కదలకుండా కూర్చుని పరిగెడుతున్నట్టు కనిపించేవాళ్ళను మా ఆఫీసులో రోజూ చూస్తాను. పరిగెడుతూ కదలనట్టు కనిపించేదాన్ని చూడటం అదే మొదలు.

ముల్లు దించే చిన్న మీట వదిలాను. నిద్రపోయిన పసిపిల్లకు దుప్పటి కప్పినంత మెత్తగా దిగింది. పాట వచ్చింది. మావగారు తువ్వాలుతో వచ్చి చూసేసరికి నేను నేల మీద బాసింపట్టు వేసుకుని ఉన్నాను. ఆ రోజు నుంచీ ఒక వైపు అయిపోగానే లేచి తిప్పేది నేనే. కాస్త లేచి తిరగండని డాక్టరు మొత్తుకున్నా లేవని మనిషిని, ఇది నోరు మెదపకుండా లేపింది.

ఇలా ఉండగా కొత్తిల్లు కట్టుకున్న మా బావమరిది వచ్చాడు. దాని ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"ఐకానిక్ పీస్ బావా ఇది," అన్నాడు.

"అంటే?"

"అలా అంటారు."

వాళ్ళ హాల్లో అద్దాల షోకేసు ఉందట. అందులో సరిగ్గా దీనికి సరిపడా జాగా మిగిలిపోయిందట. కాబట్టి టర్న్‌టేబుల్‌నీ, దాంతోపాటు నాన్ననీ తీసుకెళ్తానన్నాడు. ఆ వరస మా ఆవిడా గమనించింది, తమ్ముడు కాబట్టి గమనించనట్టు ఊరుకుంది. పైగా వాళ్ళది గ్రౌండ్ ఫ్లోరు, రాతినేల. ఏనుగు తిరిగినా ముల్లు గెంతదు. మావగారు ఆలోచనలో పడ్డారు.

"నాన్న వెళ్ళిపోయేట్టున్నారండీ. ఏదో ఒకటి చెయ్యండి," అంది మా ఆవిడ. పెళ్ళయ్యాక నన్ను సమర్థుడిగా ఎంచి ఆవిడ అప్పజెప్పిన మొదటి పని అది.

చేశాను. టెన్నిస్ బంతులు సగానికి కోసి బల్లకాళ్ళ కింద పెట్టాను. బల్ల పడవైంది. అవి తీసి బండరాయి పెట్టాను. రాయీ నేలా కలిసి ఊగాయి. ఆఖరికి ముల్లుండే చేతి మీద ఓ నాణెం అంటించాను. గెంతలేదు. నేను మీసం దువ్వుకునేలోపే మావగారు చూశారు. నాణెం ఊడదీసి నా అరచేతిలో పెట్టారు.

"రికార్డు గాడి అరిగిపోతుందండీ అల్లుడుగారూ. గుండెల మీద రోలు పెడితే మీరూ గెంతరు," అన్నారు మర్యాదగా.

మర్నాడే సంచీ సర్దారు. టర్న్‌టేబుల్‌ని నేనే మోసుకెళ్ళి, బావమరిది కారు వెనకసీట్లో పెట్టి బెల్టు కట్టాను. మావగారు దాని పక్కన కూర్చున్నారు. మేం పైకొచ్చి, కసిదీరా కాళ్ళు టపటపలాడిస్తూ నడిచాం. ఆ సరదా సాయంత్రానికే తీరిపోయింది. నడిచి మాత్రం ఎక్కడికి వెళ్తాం. మా ఆవిడ తండ్రి కుర్చీ దగ్గరికొచ్చేసరికి అడుగు మెల్లగా వేసేది. మా అమ్మాయి రెండో జత సాక్సులు మానలేదు.

వారం తిరక్కుండా మావగారు టర్న్‌టేబుల్‌తో సహా టాక్సీ దిగారు.

"అక్కడా గెంతిందా నాన్నా?" అంది మా ఆవిడ.

"గెంతాలంటే ముందు వెయ్యాలిగా అమ్మా. అద్దాలకి తాళం, లోపల దీపాలు. ప్లగ్గే లేదు. వచ్చినవాళ్ళు ఫోటో తీసుకుంటారు, ఐకానిక్ అంటారు, పోతారు. ఏం పాడుతుందని ఒక్కడూ అడగలేదు."

మరి దీని గొప్ప ఏమిటని నేనడిగాను. ఆయన అంచు మీది దుమ్ము చొక్కా కొసతో తుడిచారు.

"స్టేషన్లో దీని ముందు నుంచి మా డైరెక్టరు కూడా బూట్లు చేత్తో పట్టుకుని వెళ్ళేవాడు. ఎవరూ చెప్పలేదు. అది సరిగ్గా తిరుగుతుంటే మనకే సిగ్గేసి నడక మారుతుంది. ఇక్కడ మనవరాలూ అలాగే నడుస్తుంది, అందుకే వచ్చా," అన్నారు. ఆగి, "కానీ గెంతిన పాట వినే ఓపిక ఇక లేదు బాబూ. ఈసారి గెంతితే మాత్రం ఏ ఆశ్రమమో చూసుకుంటా," అన్నారు.

ఇక నా కష్టం వినండి. ఖాళీ షోకేసు చూసి నొచ్చుకున్న బావమరిది మనసు మార్చుకున్నాడు. నాన్న రికార్డు వేస్తుంటే వింటానని ఈ ఆదివారం వస్తున్నాడు. సంతోషమే. కానీ అతను గడపలో అడుగు పెడితే పూలకుండీ తలూపదు, లేచి నిలబడుతుంది. నడిచేది మడమల మీద. పాట నచ్చిందంటే కాలితో తాళం కూడా వేస్తాడు. టర్న్‌టేబుల్ పెట్టడానికి గోడకు అర కొట్టిద్దామంటే, పక్కింటాయన తుమ్మితే క్యాలెండరు ఊగే గోడ మాది. పోనీ మెల్లగా నడవమని చెబుదామంటే, మా తమ్ముడు లావని దెప్పుతారా అని మా ఆవిడ ఇప్పటినుంచే నా మొహంలోకి చూస్తోంది. చెబితే ఆవిడతో చెడుతుంది, చెప్పకపోతే మావగారు ఆశ్రమానికి పోతారు. బావమరిదిని కుర్చీలో కూర్చోబెట్టి మోసుకొద్దామన్నా, మోసేవాళ్ళు నడవాలి కదా.

అయ్యా, అమ్మా, బావమరదులున్న మహానుభావులారా, చేతులు జోడించి అడుగుతున్నాను. ఆదివారంలోగా ఏదైనా ఉపాయం చెప్పి పుణ్యం కట్టుకోండి. స్వయంగా వచ్చి చెబుతామనేవాళ్ళు మాత్రం మెట్ల దగ్గర్నుంచే కాస్త మెల్లగా రండి.