కోడలి తరఫున

దసరా సెలవులయ్యాక మాధురి తన కూతుర్ని బడికి పంపలేదు. గంగాభవానికి ఎనిమిదేళ్ళు. మాట తడబడుతుంది. క్లాసులో ఎగతాళి చేస్తున్నారని రోజూ అన్నం ముందు కూచుని ఏడుస్తుంటే చూడలేక, బీఎస్సీ చదివిన మాధురి ఇంట్లోనే పాఠాలు మొదలుపెట్టింది. కువైట్‌లో ఉన్న భర్త సరేనన్నాడు. అత్తగారు వెంకటరమణమ్మకు ఆ వసారా బడి ముచ్చటగానే ఉన్నా, లోపలెక్కడో బెంగ.

ఆ బెంగను పక్కింటి సూరమ్మ పెంచింది. బడి మాన్పిస్తే కేసు పెడతారనీ, తల్లిని స్టేషన్‌కి పిలుస్తారనీ ఎవరో అనగా విందట. వెంకటరమణమ్మకు ఆ పూట ముద్ద దిగలేదు. తనకు జ్వరమొస్తే పక్కన కూచుని తల దువ్వి జడేసే కోడలు పిల్ల, స్టేషన్ మెట్లెక్కడమా? మర్నాడు గుడికని చెప్పి ఆటో ఎక్కి, ముమ్మిడివరంలో మండల విద్యాధికారి ఆఫీసు ముందు దిగింది.

అధికారి లిడియా కుర్చీ చూపించారు. వెంకటరమణమ్మ కూచోలేదు.

"మనవరాల్ని బడి మాన్పించింది నేనేనండీ. ఏదన్నా ఉంటే నా పేరు రాసుకోండి. మా కోడలి జోలికి రాకండి."

సంగతి అర్థమయ్యాక లిడియా ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని కూచోబెట్టారు. ఆరు నుంచి పద్నాలుగేళ్ళ దాకా పిల్లల్ని బడిలో చేర్చడం తల్లిదండ్రుల బాధ్యతేననీ, చేర్చకపోతే జైల్లో పెట్టమని మాత్రం విద్యాహక్కు చట్టంలో లేదనీ చెప్పారు. ఇంట్లో చదువు చెప్పుకోవడానికి అనుమతి ఇస్తామనీ లేదు, చెప్పుకోవద్దనీ లేదు. పిల్ల ఎప్పుడు తిరిగొచ్చినా వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాల్సిందే. రాకపోయినా, పద్నాలుగు నిండాక ఓపెన్ స్కూల్లో పదో తరగతి రాయొచ్చు.

"అయితే కేసు లేదాండీ?"

"లేదు మామ్మగారూ. కానీ పిల్లని ఓసారి చూస్తాను. ఎగతాళి సంగతి మేం చూసుకోవాలి కదండీ."

శనివారం ఆవిడ నిజంగానే వచ్చారు. అత్తగారు ఏ గుడికెళ్ళిందో మాధురికి అప్పుడు తెలిసింది. కొంగుతో కళ్ళొత్తుకుంది.

"మీరెళ్ళి జైల్లో కూచుంటే నాకెవరున్నారండీ, అత్తయ్యగారూ?"

వెంకటరమణమ్మ మాట మార్చి, కొబ్బరి బొండాం కొట్టించడానికి మనిషిని కేకేసింది.

మళ్ళీ బడికొస్తావా అని లిడియా అడిగితే గంగాభవాని నోరు తెరిచింది గానీ మాట రాలేదు. అలాంటప్పుడు ఆ మాటేదో అందించడం నాయనమ్మకు అలవాటు. అందించబోయి, లిడియా తొందరేమీ లేకుండా పిల్ల వంకే చూస్తూ ఉండటం గమనించి ఆగింది. ఆ కాస్తసేపూ తన నోరు తను పట్టుకోవడం ఆవిడకు చాలా కష్టమైంది.

"వ... వచ్చే యేడు వస్తానండీ," అంది పిల్ల చివరికి. "అమ్మ క... కూడా కూచుంటే."

మొదట్లో కొన్నాళ్ళు కూచోనిస్తామన్నారు లిడియా. టీచరుతో తనే మాట్లాడతానన్నారు.

జూన్‌లో బడి తెరిచిన రోజున తల్లీ కూతురూ బయల్దేరారు. వెంకటరమణమ్మను ఎవరూ రమ్మనలేదు. అయినా ఇస్త్రీ చీర కట్టుకుని, వాళ్ళకంటే ముందే వీధి గుమ్మంలో నిలబడింది.