సువాసన లేని తువ్వాళ్లు

ఆరో పెట్టె ఎత్తేటప్పుడు ఇసోబె నడుము పట్టేసింది. ఎప్పుడూ ఆరోదానికే పడుతుంది. పెట్టెను తొడమీద ఆనించుకుని, కాసేపు ఊపిరి తీసుకుని వ్యానులోకి తోశాడు. ఒక్కో పెట్టెలో వంద తడి తువ్వాళ్లు, గట్టిగా చుట్టి పలచని ప్లాస్టిక్‌లో మూసినవి. యాభై ఏడేళ్లవాడు, పొట్టి మనిషి, ఎడమ భుజం కాస్త కిందికి జారి ఉంటుంది. వేడినీళ్లలో నాని నాని వేళ్ల కొసలు నున్నబడిపోయాయి. ఒసాకాలో జనం తిండికి ముందు చేతులు తుడుచుకునే తువ్వాళ్లను అతను ఇరవై ఎనిమిదేళ్లుగా మోస్తున్నాడు.

ఆ రోజు పని ఇది: దోయమ వీధుల్లో పదకొండు బార్లకు పుదీనా వాసనవి. రెండు హోటళ్లకు నిమ్మ వాసనవి. సాయంత్రం నాలుగులోపు అంత్యక్రియల మందిరానికి అరవై, షిరకట వారింటి తాలూకు, సువాసన లేనివి. చావు భోజనానికి తువ్వాలు వాసన రాకూడదు. ఆ పెట్టెను వ్యానులో అన్నిటికన్నా లోపల, విడిగా పెట్టాడు.

బార్లకు వెళ్లే పెట్టెల మూతల కింద కండోమ్ పొట్లాలు సర్దాడు. ఈ పని కంపెనీది కాదు, అతనిదే. ఆ వీధుల్లో కుర్రవాళ్ల సంఘం ఒకటి ఆ పొట్లాలు కట్టి ఇస్తుంది. ఎటూ ప్రతి తలుపూ తట్టేవాడు కదా అని మోతపని ఇతనికి అప్పగించింది. ఆ బార్లకు వచ్చేది మగవాళ్లు, మగవాళ్ల కోసం.

చివరగా చొక్కా జేబు తడుముకున్నాడు. చీటీ ఉంది. ముప్పై ఒకటి.

కిందటి మంగళవారం గెన్‌ని హెచ్‌ఐవీ పరీక్షకు ఆరోగ్య కేంద్రానికి పట్టుకెళ్లాడు, తనూ చేయించుకున్నాడు. అక్కడ పేరు అడగరు. రక్తం తీసి అంకె వేసిన చీటీ ఇస్తారు. వారం తరువాత నుంచి, మంగళవారాల్లో ఒంటిగంట నుంచి మూడు దాకా ఆ చీటీ తెచ్చినవాళ్లకే ఫలితం చెబుతారు. ఫోనులో చెప్పరు, ఉత్తరం రాయరు. ఇసోబె మూడు నెలలకోసారి, వ్యానుకు ఇంజను నూనె మార్పించినట్టే, వెళ్లొస్తాడు. గెన్ మాత్రం పదకొండేళ్లు బతిమాలితే ఒక్కసారి వచ్చాడు. అదీ రెండు నెలలుగా దగ్గు తగ్గకపోవడంవల్ల.

గెన్ అన్నది బార్లో చెప్పిన పేరు. బార్లో చెప్పిన పేరు బార్లోనే ఉంటుంది. గురువారం సాయంత్రాలు వచ్చేవాడు. ఇంట్లో భార్య, ఇద్దరు కూతుళ్లు. చిన్నది పుట్టాక, అంటే ఇరవై రెండేళ్లుగా, భార్యాభర్తలవి వేరే గదులు. గెన్ కనుబొమ మీది గాటు ఏ చెట్టు మీంచి పడితే వచ్చిందో ఇసోబెకు తెలుసు. ఇంటిపేరు తెలియదు. కావలసినప్పుడు గెన్ ఫోను చేసేవాడు, ఇటునుంచి చేయకూడదు. ఇసోబె లెక్క సూటిగా ఉండేది: దొరికేది వారానికో సాయంత్రం, అందుకు ఇవ్వాల్సింది ప్రశ్న అడగకపోవడం. ఆ బేరం గిట్టుబాటుగానే ఉందనుకున్నాడు.

ఒక్క షరతు మాత్రం వదల్లేదు.

"పదేళ్లయింది, ఇంకా ఆ తొడుగేనా? నామీద నమ్మకం లేదా నీకు?" అనేవాడు గెన్.

"నమ్మకం ఉంది కాబట్టి చేతులు తుడుచుకోకుండా తింటావా నువ్వు? ఇదీ అంతే."

గెన్ నవ్వి తువ్వాలు విప్పి మొహమంతా తుడుచుకునేవాడు. పెద్దమనుషులు చేయకూడని పని. పుదీనా చల్లదనం కళ్లకు తగలాలట.

పన్నెండుకు కవసెమి బారు చేరాడు. దాని యజమాని అరవై దాటిన బట్టతల మగవాడు. ఆ వీధి భాషలో అమ్మ అని అర్థం వచ్చేలా అందరూ 'మామా' అంటారు. నేల తుడుస్తున్న మామా తలెత్తకుండానే అందుకున్నాడు.

"తుడిచిన చోట తొక్కావంటే కాళ్లు విరగ్గొడతా. పొట్లాలు ఎక్కువ పెట్టావా? వేరుశనగ పప్పులు మిగుల్తున్నాయి గానీ నీ పొట్లాలు మిగలట్లేదురా!"

"మిగలకపోవడమే మంచిది. గెన్ వచ్చాడా?"

మామా తుడవడం ఆపాడు. "గురువారమూ రాలేదు. సూది గుచ్చించావుగా, అలిగుంటాడు."

"పన్నెండుకి ఇక్కడ కలుస్తానన్నాడు."

గల్లా వెనక అరలో ఖాతాదారులు కొని, తాగగా మిగిలింది దాచుకున్న విస్కీ సీసాలు వరసగా ఉన్నాయి, ఒక్కోదాని మెడకు పేరున్న అట్టముక్క. గెన్ తన చీటీని ఇంటికి తీసుకెళ్లే ధైర్యం లేక ఆ అట్టముక్క వెనక దోపిపోయాడు. రెండు దాకా గెన్ కోసం చూశారు. మామా వేడి అన్నం మీద టీ పోసి పెట్టాడు. ఇసోబె గిన్నె ముట్టలేదు.

"వాడికేమన్నా అయిందంటావా?" అన్నాడు మామా నెమ్మదిగా.

"ఏమీ అవదు. ఏదన్నా ఉన్నా ఇప్పుడు మందుంది. రోజుకో మాత్ర. తెలియడమే కావాలి."

లేచి, సీసా మెడలోంచి చీటీ లాగాడు. ముప్పై రెండు.

ఆరోగ్య కేంద్రంలో ఆ గదిలో ఒక్క డాక్టరే ఉంటుంది. ఒకే మనిషి రెండు చీటీలు చూపితే కుదరదు. ఏదో ఒకటే చూపాలి. ఇసోబె తనది జేబులోనే ఉంచుకున్నాడు.

డాక్టరు అంకెలు సరిచూసి, కుర్చీ కాస్త దగ్గరికి జరుపుకుంది. "వైరస్ ఉందని వచ్చింది" అంది. ఇసోబె ఆ మాటను గెన్ బదులు తన ఒంటిమీద వేసుకుని కూర్చున్నాడు.

"ఎప్పటిదండీ?"

"చెప్పలేం. చాలా ఏళ్ల కిందటిదీ కావచ్చు. దగ్గు, జ్వరం ఏమైనా ఉన్నాయా?"

"దగ్గుంది. రెండు నెలలు."

"అయితే రేపే ఆసుపత్రికి వెళ్లండి. చాలామంది మందులు వాడుతూ ముసలివాళ్లయ్యేదాకా బతుకుతున్నారు. వైరస్ పూర్తిగా అణిగితే ఇంకొకరికి అంటదు కూడా. మీకు ఎవరైనా తోడున్నారా?"

"ఉన్నాడు" అన్నాడు ఇసోబె.

ఆవిడ ఆసుపత్రికి రాసిన ఉత్తరాన్ని తెల్ల కవరులో పెట్టి, పేరు రాయాల్సిన చోటు ఖాళీగా వదిలి, చీటీని దానికే పిన్ను కొట్టి ఇచ్చింది. బయటికొచ్చాక అతనికి భయం కన్నా తేలికే ఎక్కువగా అనిపించింది. రోగానికి పేరుంది, మందుంది, వెళ్లాల్సిన చోటుంది. గెన్ తిడతాడు, ఏడుస్తాడు. ఆ తరువాత తీసుకెళ్లొచ్చు.

నాలుగుకు పది నిమిషాలుండగా మందిరం వెనక ద్వారం దగ్గర వ్యాను ఆపాడు. వంటగదిలో ముసలావిడ పెట్టె దింపించుకుని, "సరుకు అందినట్టు ముద్ర ముందు హాల్లో బల్ల దగ్గర వేయించుకో" అంది.

ముందు హాల్లో పలక మీద షిరకట మసాఫుమి అని పెద్దక్షరాలతో రాసి ఉంది. గెన్ అన్న పేరులోని ఒక్క అక్షరమూ అందులో లేదు. ఇసోబె దాన్ని మామూలుగా చదివి, మామూలుగా తలెత్తాడు.

తెల్ల చామంతుల నడుమ ఫొటో. టై కట్టుకున్నాడు. టై కట్టుకున్న గెన్‌ని అతనెప్పుడూ చూడలేదు. కనుబొమ మీద గాటు ఉంది.

బల్ల దగ్గర నల్ల పట్టీ కట్టుకున్న పెద్దాయన, ఇసోబె పై జేబులోంచి తొంగి చూస్తున్న తెల్ల కవరును చూసి, చావింటికి వచ్చినవాళ్లు ఇచ్చే డబ్బు కవరనుకుని లేచి, వంగి, రెండు చేతులూ చాచాడు.

"శ్రమ తీసుకుని వచ్చారు. మావాడు మీకెలా పరిచయం?"

ఇసోబె చెయ్యి కవరు మీదికి వెళ్లి, అక్కడే ఆగింది.

"నేను తువ్వాళ్లవాణ్ణండీ. ముద్ర కోసం వచ్చాను."

"అయ్యో, పొరపాటు పడ్డాను." ఆయన ముద్ర వేశాడు.

"ఏమైందండీ?"

"న్యుమోనియా. ఆసుపత్రిలో చేర్చాక నాలుగే రోజులు. అది ఎందుకొచ్చిందో తేల్చేలోపే పోయాడు."

ఇసోబె వెనక్కి నడిచాడు. వ్యాను దాకా వెళ్లి, మళ్లీ వంటగదిలోకి వచ్చి, పెట్టె మూత తీసి, తువ్వాళ్లు ఒక్కొక్కటీ ముక్కు దగ్గర పెట్టుకోసాగాడు.

"ఏంటయ్యా, కుక్కలా వాసన చూస్తున్నావు?" అంది ముసలావిడ.

"పుదీనా అంటిందేమోనని."

"అంటిందా?"

అరవయ్యోది కూడా చూశాడు. "లేదు" అన్నాడు.

అయిదున్నరకు కవసెమిలో ఇంకా దీపాలు వేయలేదు. మామా అంతా విన్నాడు. తరువాత అడిగాడు, "మరి నీ చీటీ?"

"వచ్చే మంగళవారం."

"నేనూ వస్తా నీతో. నాకూ భయంగానే ఉందిరా."

"మనిషి రాక ఆర్నెల్లు దాటితే సీసా తీసేయాలిగా. నీ రూలే" అన్నాడు ఇసోబె, అరలోని గెన్ సీసా చూపిస్తూ.

"నా బారు, నా రూలు. నువ్వు తువ్వాళ్ల సంగతి చూసుకో."

మామా పుదీనా తువ్వాలొకటి విప్పి సీసా తుడిచాడు, అడుగు నుంచి మెడ దాకా, మొహం తుడిచినట్టు. ఇసోబె కవరు నుంచి చీటీని ఊడదీసి అట్టముక్క వెనక మళ్లీ దోపాడు.

అరలో సీసా తన చోటికి చేరింది: మూడు వేళ్ల ఎత్తు విస్కీ, మెడలో గెన్ అన్న పేరు, దాని వెనక ముప్పై రెండు, తడిగా.