పెద్దకోడలి కుర్చీలో ఆయా

చిన్నకోడలు మరచిపోయే రకం కాదు. పోయినసారి తోడికోడలి ఇంట్లో విందు జరిగినప్పుడు బల్ల దగ్గర ఒక కుర్చీ తక్కువైంది. "నువ్వు ఇంటిమనిషివే కదమ్మా, వంటింట్లో తినెయ్," అంది పెద్దకోడలు, నవ్వుతూనే వాత పెట్టినట్టు. స్టవ్ పక్కన నిలబడి తిన్న ఆ అన్నం ఈమెకు ఇప్పటికీ అరగలేదు. అప్పట్నుంచీ లోలోపల కారాలూ మిరియాలూ నూరుతూనే ఉంది. ఆవిడగారి పరువు నలుగురిలో తీయాలి, అంతే!

ఇవాళ అవకాశం దానంతటదే వచ్చింది. బావగారి పైఅధికారి భార్యతో సహా అదే ఇంటికి భోజనానికి వచ్చాడు; చిన్నకోడలికీ పిలుపొచ్చింది. కొత్త గాజుపళ్లాలు బయటికొచ్చాయి. పెద్దకోడలి కాలు నేలమీద ఆనడం లేదు. చిన్నకోడలు చల్లగా లేచి వెనకగదిలోకి వెళ్లింది.

అక్కడ మంచంపట్టిన అత్తగారికి ఆయా చెంచాతో జావ పడుతోంది. మూడేళ్లుగా ఆ ఇంట్లో ఉన్న మనిషే. చిన్నకోడలు ఆమె మొహం సరిగ్గా చూడటం మాత్రం అదే మొదలు. ఆ చూడటమైనా పనికొస్తుందనే.

"లేమ్మా, నాతో రా."

"అయ్యో, అమ్మగారు తింటున్నారండీ..."

"ఒక్క నిమిషానికి ఏం మునిగిపోదులే!"

చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. వడ్డించడానికి లేచిన పెద్దకోడలి కుర్చీలోనే ఆయాను కూర్చోబెట్టింది.

"ఈవిడా మనిషే కదక్కా! రాత్రింబవళ్లు చాకిరీ చేస్తుంటే, ఏనాడైనా పక్కన కూర్చోబెట్టుకుని ఒక ముద్ద పెట్టావా?"

అతిథులు తినడం ఆపేశారు. పెద్దకోడలి మొహంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. ఆహా! చిన్నకోడలికి తినకుండానే కడుపు నిండిపోయింది.

ఆయా చేతిలో చెంచా ఇంకా అలాగే ఉంది. "నేను తినేశానండీ," అంది బెదురుగా. "మీ అక్కగారు నాకు పెట్టందే తను తినరు. రోజూ అంతే."

అంతలో వెనకగదిలోంచి ఉక్కిరిబిక్కిరిగా దగ్గు వినిపించింది. నోట్లో మిగిలిన జావ ముసలావిడ గొంతుకు అడ్డం పడింది. ఆయా కుర్చీ తోసేసి పరుగెత్తింది. వెనకే చిన్నకోడలు వెళ్లేసరికి, ఆయా ముసలావిడను లేపి కూర్చోబెట్టి వీపు తడుతోంది. ఊపిరి సర్దుకున్నాక మూతి తుడిచి, అప్పుడు ఇటు తిరిగింది.

"మీ అక్కగారి మీద కసి ఉంటే ఆవిడతోనే తేల్చుకోండి. మధ్యలో నేనే దొరికానా?"

"అది కాదు, నీ మంచికే..." చిన్నకోడలు నీళ్లు నమిలింది.

"నా మంచా! ఇన్నేళ్లలో ఈ గుమ్మం దాకా వచ్చి, మీ అత్తగారు ఎలా ఉన్నారని కూడా అడగలేదు మీరు. కసి నాకూ ఉందమ్మా. ఈ గిన్నె మీ చేతిలో పెట్టి ఈ క్షణమే వెళ్లిపోతే తెలిసొచ్చేది మీకు. ఈవిడ వేరేవాళ్ల చేత్తో తినరని ఊరుకున్నాను."

చిన్నకోడలికి తల కొట్టేసినట్టయింది. ఇంతకాలం పెంచుకున్న కోపం, ఇప్పుడు చూపిద్దామంటే తన మీద తప్ప ఎవరి మీదా చెల్లేలా లేదు.

"ఇలా ఇవ్వు, నేను పెడతాను," అంది మెల్లగా. చెంచా అందుకుని మంచం పక్కన కూర్చుంది.

ముసలావిడ ఆమెను ఎగాదిగా చూసింది. పెదాలు బిగించి మొహం గోడవైపు తిప్పుకుంది.