నా తలలోని కుంకుమ

నేను ఒక బోల్టును. గెంతులకు, విన్యాసాలకు వాడే బీఎంఎక్స్ సైకిల్ సీటు గొట్టాన్ని ఒక పట్టీ చుట్టి పట్టుకుంటుంది. ఆ పట్టీని బిగించి ఉంచడమే నా ఉద్యోగం. సీటు నిలబడితే నన్నెవరూ తలవరు. జారితే మాత్రం తిట్లన్నీ నాకే.

పుట్టింది ఎక్కడో ఉక్కు కడ్డీలు తుంచే యంత్రం కింద. తలలో ఆరు మూలల గుంట చేసి, కాల్చి, నూనెలో ముంచి, నల్లగా పంపారు. విశాఖపట్నంలో సింహాద్రి సైకిల్ కొట్లో చాలాకాలం గాజు సీసాలో పడున్నాను. పక్క సీసాలో ఊదా, బంగారు రంగుల అల్యూమినియం బోల్టులు. వచ్చినవాళ్లంతా వాటినే ఎంచుకునేవారు. సీటు కింద, ఎవరికీ కనబడని చోట కూడా మనుషులకు మెరుపు కావాలి. చూసి చూసి విసుగెత్తిపోయింది.

చివరికి నూకరత్నం వచ్చింది. జాలారిపేట అమ్మాయి. సముద్రం ఒడ్డున సిమెంటు గుంటలో సైకిల్‌ను గాల్లోకి లేపి దించుతుంది. గడ్డం మీద కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. అరచేతిలో రెండు ముక్కలైన ఊదా బోల్టు.

"ఈపాలి రంగొద్దు మావా. ఇరగంది ఇయ్యి. ఇంకోపాలి పడితే మాయమ్మ సైకిల్ అమ్మేత్తానంది."

సింహాద్రి నన్ను తీశాడు. "ఇది ఉక్కు. సూపుకి బాగోదు గానీ ఠపీమని ఇరగదు. పొడుగు కూడా సూసుకో, పాతదాని అంతే ఉండాల."

ఆమె నన్ను పాత ముక్కల పక్కన పెట్టి చూసుకుంది. మరలకు కాస్త గ్రీజు రాసి, నెమ్మదిగా బిగించింది. అంత మర్యాదగా నన్నెవరూ ముట్టుకోలేదు. అప్పటినుంచి ఆమె దూకిన ప్రతిసారీ ఒళ్లు హూనమయ్యేది నాకే. అయినా పట్టు వదల్లేదు.

దసరా వచ్చింది. సైకిలంటేనే గిట్టని రత్నం తల్లి పైడమ్మ, ఆయుధపూజకు దాన్ని శుభ్రంగా కడిగింది. చక్రాలకు, హ్యాండిల్‌కు బొట్లు పెట్టింది. తర్వాత వంగి నన్ను వెతికి పట్టుకుంది.

"నువ్వేనంట గదా, నా కూతుర్ని పడకుండా సూసేది" అంటూ నా తలగుంట నిండా గంధం కూరి, పైన కుంకుమ అద్దింది. దండం కూడా పెట్టింది. దేవుడి ఉద్యోగం నాకెందుకు తల్లీ అందామనుకున్నాను. నోరేది?

గంధం ఎండి గట్టిపడింది. సైకిల్ విన్యాసాల పోటీ ముందురోజు సీటు కాస్త పక్కకు తిరిగితే, రత్నం నా తలగుంటలో ఆరు పలకల అలెన్ కీ పెట్టి బిగించబోయింది. గంధం అడ్డుపడి కీ సగమే దిగింది. ఒక్క తిప్పుకు నా మూలలన్నీ అరిగి గుండ్రమైపోయాయి. ఇక నేను బిగియలేను, ఊడలేను. రంపపు బ్లేడుతో కోసి తీసింది. సింహాద్రి కొట్టు నుంచి నాలాంటి నల్లవాడే ఇంకొకడు వచ్చాడు.

"ఏటయిందే దానికి?" అంది పైడమ్మ.

"పాతబడిపోనాదమ్మా."

నాకు కోపం రాలేదు. అలసిపోయాను, అంతే. కానీ పైడమ్మ ఊరుకోలేదు. తుక్కు డబ్బాలోంచి నా తల తీసి, గుంటలో పిన్నీసుతో గీకింది. ఎర్రటి పొడి ఆమె అరచేతిలో రాలింది. వేలితో నలిపి, తను కూరిన గంధమేనని పోల్చుకుంది.

"నా సేతుల్తో నానే నిన్ను పడేద్దును గదే."

రత్నం కొత్త బోల్టు బిగిస్తూనే ఉంది. పైడమ్మ నన్ను నేలమీద పెట్టి, లోపలికెళ్లి కుంకుమ భరిణె తెచ్చింది. సైకిల్ దగ్గర వంగి, వేలు గాల్లోనే ఆపేసింది.

"రేపు పోటీకెల్తావు గదా. ఎక్కడెట్టాలో నువ్వే సెప్పే."

రత్నం కీ కింద పెట్టి, తల్లి ముందుకు తన నుదురు వంచింది.