ఏడో వల

మా ఇంట్లో నోట్లో నువ్వుగింజ నాననిది ఎవరంటే నేనే. కోపం కూడా ముక్కు మీదే ఉంటుంది. అన్నయ్య నన్ను పేరు పెట్టి పిలిచింది తక్కువ, "మిరపకాయ్" అనేవాడు. అలాంటిదాన్ని ఒక్క మాటను మాత్రం పదేళ్ళు కడుపులో దాచుకున్నాను. గొప్పకు చెప్పడం లేదు, సిగ్గుపడుతూనే చెబుతున్నాను.

అన్నయ్య, వదిన, నేను. మా ముగ్గురి పనీ రెల్లుపిట్టల కాళ్ళకు రింగులు తొడగడం. చిత్తడినేల అంచున ఒకటే గది. అందులో బల్ల, చిన్న తక్కెడ, రిజిస్టరు, మేకులకు వేలాడే గుడ్డసంచులు. రెల్లుపిట్ట బరువు పదకొండు గ్రాములు. చలి ముదరక ముందే ఉత్తరాన్నుంచి బయలుదేరి, మా రెల్లులో పదిరోజులు ఆగి, పురుగులు మేసి, ఒంట్లో కొవ్వు పట్టించుకుని సముద్రం దాటుతుంది. పెద్ద పిట్టలు ముందే వెళ్ళిపోతాయి. ఆ ఏడాది పుట్టిన పిల్లలు వెనకాల ఒక్కొక్కటే వస్తాయి, దారి చూపేవాళ్ళు ఎవరూ లేకుండా. ఎలా వస్తాయో అంతంత చదువుకున్నవాళ్ళే పూర్తిగా చెప్పలేరు, ఇక నాకేం తెలుసు!

తెల్లారేసరికి ఏడు వలలు కట్టి ఉంచుతాం. పడ్డ పిట్టను సంచిలో తెచ్చి, పొట్ట మీద ఉఫ్‌మని ఊది, ఈకల కింద కొవ్వెంతుందో చూసి, తూచి, నంబరున్న రింగు తొడిగి వదిలేస్తాం. రింగులు వరస నంబర్లతో, పదేసి చొప్పున తీగకు గుచ్చి వస్తాయి. గాలి లేస్తే మాత్రం వలలన్నీ చుట్టి ముడివేసెయ్యాలి. చుట్టని వలలో పిట్ట చిక్కిందంటే గాలికి మెలిపడి చచ్చిపోతుంది. మాలో ఒకరు "ఏడూ చుట్టాను" అంటే ఇంకొకరు వెళ్ళి చూడరు. ఆ మాట మీదే మా పనంతా నడిచేది.

పదేళ్ళ కిందట ఒక పొద్దున గాలి లేచింది. వలలు చుట్టడం నా వంతు. అన్నయ్య నా కొత్త బూట్లు చూసి, "ఏమే మిరపకాయ్, బురదలోకా, బజారుకా?" అని ఆటపట్టించాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆరు వలలు చుట్టాను. ఏడోది నీళ్ళ అవతల ఉంది. బూట్లు తడుస్తాయని, పైగా అన్నయ్య మీద కచ్చ కొద్దీ, వెనక్కి వచ్చేసి "ఏడూ చుట్టాను" అన్నాను. రిజిస్టరులోనూ నా చేత్తోనే రాశాను.

గంట తర్వాత అన్నయ్య ఎవరికీ చెప్పకుండా అటు వెళ్ళాడు. పిట్ట అరుపు వినిపించి ఉంటుంది. మూడోరోజు నీళ్ళలో శవమై దొరికాడు. ఏడో వల మాత్రం శుభ్రంగా చుట్టి ఉంది, అన్నయ్య వేసే రెండుపేటల ముడితో. వదిన చూసేలోపు ఆ ముడి నేనే విప్పేసి, నా ముడి వేశాను. అతని జేబులో ఉండాల్సిన పది రింగుల తీగ దొరకలేదు. బురద మింగేసింది అన్నారు.

"అంత గాలిలో ఆయన అటెందుకు వెళ్ళారు?" వదిన అడగని రోజు లేదు. ఆ పొద్దున వాళ్ళిద్దరికీ ఏదో మాటామాటా వచ్చి, "మీ ముఖం చూడాలంటేనే విసుగ్గా ఉంది" అందట. అందుకే ఆయన కావాలనే నీళ్ళలోకి నడిచాడని వదిన నమ్మకం. నిజం చెప్పేద్దామని ఎన్నిసార్లు నోరు తెరిచానో! తెరిచి, "టీ పెట్టనా వదినా?" అనేదాన్ని.

మరుసటేడు అవే రోజుల్లో రెండో వలలో ఒక పిట్ట పడింది. కాలికి అప్పటికే రింగుంది. నంబరు చదివిన వదిన పాత రిజిస్టరు తిరగేసి చూసింది. అది పోయిన తీగలోని మొదటి రింగు.

"ఆ రోజు ఆయన తొడిగిందే ఇది" అని ఏడ్చింది.

నేను పిట్ట తోక చూశాను. ఈకల కొసలు సూదిగా ఉన్నాయి. పిల్లపిట్ట తోక అది. ఆ వేసవిలో గుడ్డులోంచి బయటికొచ్చింది. అన్నయ్య పోయేనాటికి అది పుట్టనే లేదు.

రింగులిచ్చే ఆఫీసుకు రాశాం. కళ్ళద్దాలు మార్చుకోండి అన్న మాటొక్కటే తక్కువ, నంబరు తప్పుగా చదివారని ఎంతో మర్యాదగా జవాబిచ్చారు.

ఆ తర్వాత ఏడాదికొకటి. రెండో రింగు, మూడోది, నాలుగోది, వరస తప్పలేదు. వచ్చిన ప్రతిదీ పిల్లపిట్టే. వదిన ప్రతిదాన్నీ గుప్పిట్లో పట్టుకుని, "ఇంకా కోపమేనా?" అని అడిగి, తల మీద ముద్దుపెట్టి వదిలేది. నేను ఆ కాసేపూ గోడకేసి చూస్తూ నిలబడేదాన్ని.

ఈ ఏడు రావాల్సింది పదోది.

"ఇదే ఆఖరుది కదూ" అంది వదిన, వలల చిరుగులు కుడుతూ. "దీంతోనైనా ఆయన నన్ను క్షమించారని తెలిస్తే సరే. లేకపోతే ఆ నీళ్ళు నన్ను కూడా పిలుస్తున్నాయే."

ఎంతో మామూలుగా అంది. ఆ రోజు నుంచీ ఆమెను కనిపెట్టుకునే ఉన్నాను.

అన్నయ్య పోయాక ఏడో వల కట్టడం మానేశాం. గుంజలు రెండూ అలా మిగిలిపోయాయి. వారం కిందట, పొద్దున్నే గాలి లేచింది. ఆరూ చుట్టి తలెత్తి చూద్దును కదా, నీళ్ళ అవతల ఏడో వల కట్టి ఉంది. నేను కట్టలేదు. వదిన గదిలోంచి బయటికే రాలేదు. వల విప్పారి ఉంది, గాలికి పొంగుతోంది, లోపల పిట్ట అరుస్తోంది.

దిగాను. నీళ్ళు మోకాళ్ళు దాటాయి, నడుం దాటాయి. పక్కన ఇంకెవరో నీళ్ళు తోసుకుంటూ నడుస్తున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. అటు తిరిగి చూసే ధైర్యం లేకపోయింది. పిట్టను విడిపించి సంచిలో వేసుకున్నాను. వల చుట్టాను. ముడివేశాను. మొత్తం నాలుగు నిమిషాల పని. నాలుగంటే నాలుగు నిమిషాలు! అక్కడే నిలబడి భోరుమన్నాను.

గదిలో వదిన పిట్టను తూచింది. పదకొండు గ్రాములు. రింగు చదివింది. పదోదే. గుప్పిట్లోకి తీసుకుని, "ఇంకా..." అనబోయింది.

"అన్నయ్య నీ మీద కోపంతో వెళ్ళలేదు వదినా" అన్నాను. "ఆ రోజు నేను ఏడో వల చుట్టలేదు. చుట్టానని అబద్ధం చెప్పాను. పిట్ట కోసం వెళ్ళాడు. చుట్టింది అన్నయ్యే. ఆ ముడి నువ్వు చూస్తావని నేనే విప్పేశాను."

వదిన పిట్టను ఒక చేతిలోకి మార్చుకుంది. "అయితే నా మాటకు కాదన్నమాట" అంది నెమ్మదిగా. పదేళ్ళుగా బిగుసుకుపోయిన ముఖం ఒక్కసారి వదులైంది. అది చూసి నా ప్రాణం లేచొచ్చింది, నిజం చెప్పొద్దూ.

ఒంటి చేత్తోనే అలమరలోంచి పాత రిజిస్టరు తీసి, ఆ రోజు పేజీ తెరిచి, పెన్ను నా ముందు పెట్టింది.

"దిద్దు."

'ఏడు' కొట్టేసి 'ఆరు' అని రాశాను.

వదిన గుప్పిట్లోని పిట్టకేసి చూసింది. ఈసారి ముద్దుపెట్టలేదు. "పదేళ్ళూ నాకే వస్తున్నాయనుకున్నాను" అంది. "అన్నీ నీకు పంపినవే. నాకు ఒక్కటీ పంపలేదాయన."

కిటికీ తెరిచి గుప్పిట విప్పింది. పిట్ట రెల్లు మీదుగా సముద్రం వైపు వెళ్ళిపోయింది.

"వదినా" అన్నాను.

బల్ల మీద మా టీ కప్పులు రెండున్నాయి. తన కప్పు తీసుకెళ్ళి కడిగి, కొంగుతో తడి లేకుండా తుడిచి, ఊరెళ్ళే చేతిసంచిలో పెట్టుకుంది.