సుందరాబాయి మగ్గం పక్కన కూర్చుంది

కథ చిన్నదే. సిద్ధరాములు తను పంపిన చద్దర్‌ను వెనక్కి తెచ్చుకుందామని సోలాపూర్ నుంచి నాందేడుకు వెళ్లాడు. అంతే. కాకపోతే సోలాపూర్‌లో అతనుండే తెలుగు నేతవాళ్ల పేట, జోడ్‌భావి పేట్‌లో పొద్దు ఎలా గడుస్తుందో ముందు కాస్త చెప్పుకోవాలి.

తెల్లారగానే కొమురయ్య వాకిట్లో కూర్చుని పన్ను నొప్పి అని మూలుగుతాడు. పీకించుకొమ్మంటే వచ్చే సోమవారం అంటాడు. యాదగిరి రాత్రి తాగలేదని అడగకపోయినా అందరికీ చెబుతాడు. ఆడవాళ్లు తడిపిన తునికాకు చాటల్లో పోసుకుని, బీడీలు చుడుతూ మగ్గాల పక్కన చేరతారు. అక్కడ నోళ్లు ఊరుకోవు. పడుగులో పేకతోపాటు ఆ మాటలూ పడతాయి. చద్దర్ కప్పుకున్నవాళ్లకు, అది నేసేటప్పుడు మగ్గం దగ్గర ఎవరేమన్నారో అంతా వినబడుతుంది. రంగు వెలిసినా మాట వెలవదు.

పేట వ్యాపారం దీనిమీదే పెరిగింది. ఇది ఎనభై ఆరు నాటి మాట. పేటలో ఫోను ఒక్క గంగాధర్ ఇంట్లోనే ఉండేది, అదీ పండగలకే పనిచేసేది. గుల్బర్గా, నిజామాబాద్, భివండి దుకాణదారులు చద్దర్ కప్పుకునే పేట సంగతులు తెలుసుకునేవాళ్లు. ఇంకో బేలు చద్దర్లు పంపమని కార్డు రాసి, కింద "కొమురయ్య పన్ను ఏమైంది?" అని అడిగేవాళ్లు. ఒకసారి కొమురయ్య గుల్బర్గా పోతే బట్టల బజారంతా నోరు తెరిచి చూపించమంది. నోట్లోకి తొంగిచూసినవాడు ఆ తర్వాత బేరం గట్టిగా ఆడలేడు. కొమురయ్య ఆ పన్నును ఇప్పటికీ ఎందుకు ఉంచుకున్నాడో పేటలో అందరికీ తెలుసు.

గంగాధర్ పవర్‌లూమ్ చద్దర్లలో ఖట్‌ఖట్ తప్ప ఏమీ వినబడదు. అవి రైల్వే క్వార్టర్లలో బాగా పోతాయి, వాళ్లకు చప్పుడు లేకపోతే నిద్ర పట్టదు. చూసి చూసి అతనూ ఒక చేమగ్గం పెట్టించాడు. పక్కన ఎలక్షన్లలో మైకు పట్టే మనిషిని కూర్చోబెట్టి, మా చద్దర్ మన్నిక ఇంతింత కాదని పొద్దంతా చెప్పించాడు. ఆ సరుకంతా తిరిగొచ్చింది. ఎవరో గుమ్మంలో నిలబడి అమ్ముతూనే ఉన్నట్టుందని కొన్నవాళ్లు అన్నారు.

ఇక సిద్ధరాములు. అతనికి ఉన్నది ఒక్క చేమగ్గం. నాందేడు వాసుదేవ్ సేఠ్ ఏడాది పొడుగునా చద్దర్లు తీసుకుంటానని ఒప్పుకుంటే మగ్గం నిలుస్తుంది. లేకపోతే దసరా కాగానే గంగాధర్ కార్ఖానాలో కూలికి పోవాలి. సేఠ్ ముందు నమూనా పంపమన్నాడు.

చెయ్యి మగ్గం మీద ఉండగా కొనేవాడి ఊసు ఎత్తకూడదని పేటలో కట్టుబాటు. కానీ సిద్ధరాములుకు గొణిగే అలవాటు. గోడ అవతల పవర్‌లూమ్‌ల చప్పుడులో గొణుగుడు మునిగిపోతుందని ధైర్యం. నమూనా నేస్తున్న రోజు కరెంటు పోయింది. ఆ సంగతి అతనికి తెలియలేదు. ఏళ్లతరబడి చెవిలో చేరిన చప్పుడు కరెంటుతో పాటు పోదు.

చద్దర్ నాందేడు బస్సెక్కిన మర్నాడు, అతని భార్య మంగళ బీడీకి దారం చుడుతూ అడిగింది.

"సేఠ్‌ని గన్ని మాటలన్నవేంది?"

"నేనెప్పుడన్న?"

"నమూనా నేసుకుంట అన్నవ్. సగం గిలాసే నీళ్లిస్తడన్నవ్. బిస్కీటు చూపిచ్చి మళ్ల డబ్బల ఏస్కుంటడన్నవ్. బామ్మర్ది స్వెటర్ తొడుక్కోని బేరమాడుతడన్నవ్."

"అవుతల లూమ్‌లు నడుస్తున్నయ్ గద."

"యాడ నడ్సినయ్? కరెంటే లేకుండె."

"మరి అప్పుడే చెప్పొద్దా?"

"నేసేటప్పుడు నడ్మల మాట్లాడొద్దని నువ్వే అంటివి."

సిద్ధరాములు లాతూరు మీదుగా పోయే బస్సెక్కాడు. ముందు సీట్లో ఒకాయన పేట చద్దర్ కప్పుకుని తనలో తాను నవ్వుకుంటున్నాడు. ఎవరి సంగతికో అడిగే ధైర్యం చాలలేదు.

సేఠ్ ఇంటి వసారాలో ఆయన తల్లి సుందరాబాయి ఆ నమూనా చద్దర్‌నే మెడదాకా కప్పుకుని పడుకుని ఉంది. కొత్త సరుకు ఏదొచ్చినా మొదట ఆమే కప్పుకుని చూస్తుంది.

"దాన్ల ఒక దారం తప్పిందమ్మా. వాపస్ ఇయ్యుండ్రి, మంచిది పంపుత," అన్నాడు సిద్ధరాములు.

"దారం తప్పలే బిడ్డా. నువ్వే సగం చెప్పి ఇడిసిపెట్టినవ్. గా స్వెటర్ వాపస్ ఇచ్చెటప్పుడు గుండీలు కోసి పెట్టుకుండు నా కొడుకు. నీకెర్కనా?"

"ఎర్క లేదమ్మా."

"ఇంట్ల నా మాట ఎవ్వలు ఇనరు. నీ మగ్గం కాడ కూసుంటే గుల్బర్గా దాంక ఇంటరా?"

"ఇంటరు," అన్నాడు సిద్ధరాములు.

అంతలో సేఠ్ వచ్చి, చద్దర్ తీసి ఒకసారి భుజాల మీద కప్పుకున్నాడు. కాసేపు విన్నాడు. మడతపెట్టాడు.

"ఏడాది కరార్ నక్కో, ఏమొద్దు. నడువ్," అన్నాడు.

సిద్ధరాములు తిరుగు బస్సెక్కాడు. వెనకాలే సుందరాబాయి సంచి పట్టుకుని ఎక్కింది.

సోలాపూర్‌లో ఆమె మంగళ పక్కన పీట వేసుకుంది. బీడీలు చుట్టడం రాదు కాబట్టి రెండు చేతులూ ఊపుతూ మాట్లాడింది. సిద్ధరాములు దసరా తర్వాత కూలికి వస్తానని గంగాధర్‌కు కబురు పంపి, ఇంట్లో మిగిలిన నూలంతా నేసేశాడు. ఆ చద్దర్లు గుల్బర్గాలో పెంటప్ప అనే దుకాణదారు కొన్నాడు. కొన్ని రోజులకు వాసుదేవ్ సేఠ్ పని మీద గుల్బర్గా పోతే, మెట్టెక్కిన ప్రతి దుకాణంలోనూ సగం గ్లాసు నీళ్లే ఇచ్చారు. పెంటప్ప అయితే కాగితంలో పొట్లం కట్టి గుండీలు చేతిలో పెట్టాడు.

సేఠ్ అటునుంచి అటే సోలాపూర్ వచ్చాడు.

"ఇంటికి నడువ్ అమ్మా," అన్నాడు.

"యాడికి? నీ ముచ్చట్లు చెప్పుకుంట ఇంక నీ పెండ్లి దాంక గూడ రాలే నేను," అంది సుందరాబాయి.

సేఠ్ సిద్ధరాములును పక్కకు పిలిచాడు.

"ఈ మగ్గం మీద దిగింది ఒక్కటి గూడ ఇంకోనికి పోవద్దు. మొత్తం నేనే తీస్కుంట. ఎన్నేండ్లయినా."

సిద్ధరాములు కూలికి పోలేదు. ఆ చద్దర్లను సేఠ్ ఎవరికీ అమ్మలేడు, అమ్మితే కప్పుకుంటారు. గోడౌన్‌లో పేర్చి తాళం వేశాడు. గోడౌన్ నిండాక దుకాణంలో పేర్చాడు. దుకాణం కూడా నిండాక బట్టల వ్యాపారం మానేసి, పక్క వీధిలో స్టీలు సామాన్ల కొట్టు పెట్టాడు. చద్దర్లు నెలనెలా వస్తున్నాయి.